రాజలింగం ఒప్పుకున్న తప్పు

నార్పోలిలో ఏ ఇంటి మగవాడు ఎంత తప్పు నేశాడో తెలుసుకోవాలంటే లెక్కల పుస్తకాలు తిరగేయనక్కరలేదు. ఇంటి ముందు దండెం మీద ఆరేసిన బట్టలు చూస్తే సరిపోతుంది. ఇక్కడి ఆచారం అట్లాంటిది. తాగా అంటే వంద మీటర్ల గుడ్డ. అందులో మరక పడినా, అడ్డంగా పట్టీ పడినా, ఆ ముక్కను చించి, దాని ఖరీదు పగారులో, అంటే పదిహేను రోజులకోసారి ఇచ్చే కూలిలో, కోసి, ముక్కను నేసినవాడి మొహానే కొడతారు. "నువ్వే నేసినవు, నువ్వే కట్టుకో" అని. ఆ ముక్కలే కిటికీ తెరలవుతాయి, దిండు గలీబులవుతాయి, ఆడవాళ్ల లంగాలవుతాయి. "గాలయ్య పెండ్లాం ఈ యేడు మూడు లంగలు కుట్టించింది, పాపం" అని నల్లా దగ్గర ఆడవాళ్లు చెప్పుకుంటే, ఆ పాపం లంగాల గురించి కాదు, గాలయ్య గురించి.

రాజలింగం ఇంట్లో ఇరవై ఎనిమిదేండ్లలో అట్లాంటి గుడ్డ ఒక్కటి కుట్టలేదు. తెరలు బజారులో కొన్నవి, లంగాలు బజారులో కొన్నవి. ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పుకోడు. చెప్పుకోవలసిన పని లేకుండా ఆయన భార్య ఆగమ్మ చెబుతుంది. నల్లా దగ్గర బిందె నిండేలోగా ఒక్కసారైనా చెప్పకపోతే ఆమెకు నీళ్లు తెచ్చినట్టుండదు.

జగిత్యాల పక్క ఊరు వాళ్లది. డెబ్బై ఎనిమిదిలో ఊళ్లో చేతిమగ్గం అన్నం పెట్టడం మానేశాక, రాజలింగం ఆగమ్మకు పెదనాన్న కొడుకు కోదండరామయ్యతో కలిసి ఒకే రైల్లో, ఒకే చద్దిమూటతో ఈ మరాఠీ ఊరొచ్చాడు. ఇద్దరూ పక్కపక్కన సాంచాలు నడిపారు. సాంచా అంటే మరమగ్గం. మావాళ్ల నోట ఇంకో మాట రాదు. అందులో ఒకడు సేటయ్యాడు, ఒకడు రాజలింగంగానే ఉండిపోయాడు. ఎట్లా అంటే ఏం చెబుతాం? ఒకడికి నోరుంది, ఒకడికి చెయ్యి ఉంది. చెయ్యి ఉన్నవాడు నోరున్నవాడి దగ్గర పనిచేస్తాడు, లోకంలో ఎక్కడైనా అంతే. ఇప్పటికీ పండక్కీ పబ్బానికీ "బావా" అంటే "బావా" అనుకుంటారు. షెడ్డు గడప లోపల మాత్రం ఒకరు సేటు.

రాజలింగం పెద్ద కష్టం ఏమిటంటే, ఆయనకు కండ్లు కనిపించడం లేదు.

రెండేండ్లుగా కమ్ముకుంటూ వస్తోంది. ముందు కుడి కంట్లో పొర, తర్వాత ఎడమ కంట్లో. ఇప్పుడు ఆరు సాంచాల మధ్య నిలబడితే ఆయనకు కనిపించేది ఆరు తెల్లటి మబ్బులు. అయినా నడుపుతున్నాడు. పోగు తెగితే సాంచా గొంతు మారుతుందట. పోగు మోసే నాడె సరిగా పోకపోతే నేల అదిరే తీరు మారుతుందట. గుడ్డ మీద అరచెయ్యి పెట్టి ఇంత దూరం జరిపితే గరుకెక్కడ, నునుపెక్కడ తెలుస్తుంది. ముప్పై యేండ్ల చెయ్యి కదా, కన్ను చేసే పనిలో ముప్పావు వంతు అదే చేసేది. మిగిలిన పావు వంతు ఆగమ్మ చేసేది.

ఆమె పక్క షెడ్డులో కండెలు చుడుతుంది. పొద్దున పదకొండింటికి సద్ది గిన్నె పట్టుకొని వచ్చేది. ఆయన గోడకానుకొని జొన్నరొట్టె తింటుంటే, కాళ్లు సాగదీస్తున్నట్టుగా ఆరు సాంచాల చుట్టూ ఒక తిరుగుడు తిరిగేది. "గా నాలుగో దాంట్ల ఎడమ అంచుకు పోగు లేదు" అని నీళ్లు పోస్తూ చెవిలో అనేది. సాయంత్రం నాలుగింటికి చాయ్ పేరు మీద ఇంకో తిరుగుడు. చూసినవాళ్లు "రాజలింగం పెండ్లాం మొగుణ్ని ఇడిసి ఉండదుర భయ్" అని నవ్వుకునేవారు. నవ్వుకోనీ. నవ్వితే పగారు కోయరు.

ఆపరేషన్ చేయించుకుంటే పోయేదానికి ఇంత దొంగాట ఎందుకు అంటారా? సంగతి అక్కడే ఉంది. ఇక్కడ పనికి రాని రోజును ఖాడ అంటారు. ఖాడ పడితే తన బదులు మనిషిని తనే వెతికి నిలబెట్టాలి. వాడు బదిలీ. రెండు రోజులైతే ఏం కాదు, నాలుగు రోజులైనా ఏం కాదు. వారం దాటిందా, సాంచాలకు వాడి చెయ్యి అలవాటవుతుంది, సేటుకు వాడి పేరు అలవాటవుతుంది. మల్లన్న అని ఒకడుండేవాడు. కామెర్లతో పద్దెనిమిది రోజులు పడుకొని లేచొచ్చేసరికి ఆయన ఎనిమిది సాంచాల మీద బిహారు పిల్లగాడు నిలబడి ఉన్నాడు. మల్లన్న ఇప్పుడు ధామన్కర్ నాకా దగ్గర బండి మీద జామపండ్లు అమ్ముతున్నాడు. కంటి డాక్టరేమో, ఆపరేషన్ తర్వాత ఇరవై రోజులు దూది దుమ్ములోకి పోవద్దన్నాడు. ఇరవై రోజులు! సాంచాలు ఉంచుకుంటే కండ్లు పోతాయి, కండ్లు తెచ్చుకుంటే సాంచాలు పోతాయి. యాభై మూడేండ్ల మనిషికి కొత్త సేటు ఎవడు సాంచాలిస్తాడు? కాబట్టి నోరు మూసుకున్నాడు. కూతురు ప్రగతికి కూడా చెప్పలేదు.

రెండువేల ఆరు, వానలు మొదలైన నెల. జగిత్యాలలో ఆగమ్మ అక్క పోయింది. పోకుండా ఎట్లా ఉంటుంది? పోయి, పదకొండో దినం దాకా ఉండిపోయింది. సరిగ్గా ఆ రోజుల్లోనే మూడో సాంచాకు గుడ్డ చుట్టే చక్రంలో ఒక పన్ను విరిగింది. దానితో ప్రతి జానెడుకు ఒకచోట పోగులు ఒత్తుగా పడి, అడ్డంగా పట్టీ వచ్చింది. చప్పుడు మారలేదు. అంత సన్నటి పట్టీ అరచేతికి తగల్లేదు. తిరుగుడు తిరిగే మనిషి ఊళ్లో లేదు. మూడు తాగాల్లో కలిపి నూట ఇరవై మీటర్లు, ఒకేరకం పట్టీ, పులి చారల్లా.

పగారు రోజు లెక్కలు చెప్పేది సేటు కొడుకు పంకజ్. బీకాం చదివాడు. పిల్లగాడు చెడ్డవాడు కాదు, కాని లెక్క ముందు పెట్టుకుంటే వాడికి మేనమామా తెలియదు, మేనత్తా తెలియదు.

"మామా, గిది జూడు. పద్దెనిమిది వందల యాభై అయినయి నీయి. గీ డామేజీ పన్నెండువందలు. రెండు ఖాడలకు జుర్మానా నూటిరవై. చాయ్ అరవై. గణపతి చందా యాభై. చేతికి నాలుగువందల ఇరవై."

"గణపతి ఇంక రెండు నెలలున్నడు గదరా."

"ఇప్పటిసంది జర్రజర్ర జమ చేస్తున్నం మామా. ఒక్కపారి కోస్తె మీకే భారమైతదని."

భారమట! మనిషి పగారులో ముప్పావు వంతు కోసి, భారం తగ్గించాడట. పట్టీ ఎక్కడుంది అని అడగబోయి రాజలింగం ఆగాడు. అడిగితే, చూపిస్తే, చూసినట్టు నటించాలి. చించిన ముక్కలు మూట కట్టి చేతిలో పెట్టారు. ఆ మూట నెత్తిన పెట్టుకుని నార్పోలి గల్లీలో, వానలో, నల్లా ముందు నుంచి నడిచి ఇంటికొచ్చాడు. ఇరవై ఎనిమిదేండ్లకు మొదటిసారి. నల్లా దగ్గర ఎవరెవరున్నారో ఆయనకు కనిపించలేదు, అదొక్కటే మేలు. మాటలు ఆగిపోవడం మాత్రం వినిపించింది.

ప్రగతికి ఇరవై యేండ్లు. మరాఠీ బడిలో చదివింది. ధామన్కర్ నాకా దగ్గర ఒక వకీలు కింద టైపింగు పని చేస్తుంది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి మూట చూసింది, పగారు చీటీ చూసింది. తల్లి నోరు, తండ్రి మొండితనం కలిసి పుట్టిన పిల్ల, ఊరుకుంటుందా?

"బాపు, నిన్ను అడిగిండ్రా?"

"ఏమడుగుతరు?"

"కోసేముందు. ఇదెట్ల అయింది, నువ్వేమంటవు అని విచార్లా కా?"

"పగారు కోసుడుకు అడుగుడేంది బిడ్డా. కోత పెట్టేటోడు గొర్రెను అడుగుతడా?"

"అడగాలె. కాయద్యాత్ ఆహే బాపు, చట్టంల ఉన్నది. మా వకీల్ సాబ్ దగ్గర రోజూ గివే కేసులు కొడ్త నేను. పనోని నిర్లక్ష్యంతోని నుక్సాన్ అయితెనే కోయాలె, అది గూడ అడిగి, ఆయన మాట విని కోయాలె. ఖాడకు ఆ రోజు కూలి పోతది గంతే, మీదికెళ్లి జుర్మానా ఏంది? చాయ్, చందా నువ్వు ఒప్పుకోకుంట ఎట్ల కోస్తరు? అన్ని కలిపినా సగం పగారు దాటొద్దు. ఈడ ముప్పావు వంతు లేపిండ్రు!"

ఆ పిల్ల చెబుతుంటే రాజలింగం విన్నాడు. వింటుంటే బాగానే ఉంది. ఇన్నేండ్లూ ఎవరి ఇష్టం వచ్చినట్టు వాళ్లు కోసుకుంటుంటే, దానికీ ఒక హద్దు రాసిపెట్టి ఉన్నదంటే నమ్మబుద్ధి కాలేదు. కాని హద్దు ఉంటే ఏం లాభం, హద్దు దగ్గర నిలబడి అరవడానికి మనిషికి ఓపిక ఉండాలి కదా.

"వద్దు బిడ్డా. బావ తోటి కచేరీలెక్కుడేంది. ఇడిసిపెట్టు."

"బావ అయితె నీ కడుపు కొడ్తడా? నేను అర్జీ కొడ్త. నువ్వు సంతకం పెట్టు, గంతే."

ఇరవై యేండ్ల పిల్ల, నాన్నకు అన్యాయం జరిగిందని కండ్లలో నీళ్లు పెట్టుకుని నిలబడితే, కాదనడానికి కారణం చెప్పాలి. ఆయన దగ్గర ఉన్న కారణం చెప్పేది కాదు. పెట్టేశాడు. ఆమె వేలు పెట్టి చూపిన చోట పెట్టాడు.

ఊరి నుంచి వచ్చిన ఆగమ్మ సంగతి విని నెత్తి కొట్టుకుంది. "అయ్యో నా రాత! గా పన్నెండు దినాలు నేను పోకపోతె బాగుండు. సచ్చినదాని కోసం పోతె బతికున్నోని కొంప మునిగె" అని ఏడ్చింది. ప్రగతికి అది అక్క కోసం ఏడుపులాగే వినిపించింది.

అర్జీ కల్యాణ్‌లో కామ్‌గార్ల దఫ్తరుకు, అంటే కార్మికుల కచేరీకి, పోయింది. మొదటిసారి పిలిస్తే పోయారు, సాహెబు రాలేదు. రెండోసారి పోయారు, సేటు తరఫున ఎవరూ రాలేదు. ప్రతిసారి ఒక ఖాడ, ప్రతిసారి ఒక బదిలీ. రెండోసారి నిలబెట్టిన బదిలీ వాడు మరునాడు రాజలింగంతో "కాకా, మీ రెండో సాంచా మంచిగ నడుస్తుంది, నాకు నచ్చింది" అన్నాడు. హిందీలో, నవ్వుతూ అన్నాడు పాపం, ఏ చెడ్డ బుద్ధీ లేదు.

కోదండరామయ్య ఈ మధ్యలో ఒక్కటే మాటన్నాడు. షెడ్డు గడప దగ్గర నిలబడి, గొంతు తగ్గించి: "నా మీద అర్జీ పెట్టిచ్చినవా బావా? సరే. మంచిగున్నది." అంతే. తిట్టి ఉంటే బాగుండేది. తిడితే సమానంగా తిట్టొచ్చు.

మూడోసారి అందరూ వచ్చారు. బల్ల వెనక సాహెబు. ఎడమ పక్క కోదండరామయ్య, పంకజ్. కుడి పక్క రాజలింగం, ప్రగతి. బల్ల మీద పట్టీల గుడ్డ. రాజలింగానికి వీళ్లందరూ గొంతులే. సాహెబు గొంతు మాత్రం మంచిది, అలిసిపోయిన మనిషి గొంతు. రోజుకు ఇరవై కోతల మొరలు వినే మనిషి.

ముందు చిన్న లెక్కలు తేల్చాడు. ఖాడకు జుర్మానా కుదరదన్నాడు. చాయ్, చందా ఒప్పుకోలు లేకుండా కోయడానికి వీల్లేదన్నాడు. మొత్తం రెండువందల ముప్పై వాపసు ఇవ్వాలన్నాడు. ఏ కోతలైనా కలిపి సగం పగారు దాటకూడదని, మిగిలింది వచ్చే పగారుకు పెట్టుకోవాలని పంకజ్‌కు ఒక పాఠం చెప్పాడు. పంకజ్ రాసుకున్నాడు. ప్రగతి తండ్రి మోచెయ్యి గట్టిగా పట్టుకుంది, సంతోషంతో.

తర్వాత గుడ్డ వైపు తిరిగాడు. ఆయన మరాఠీలో చెప్పింది రాజలింగానికి సాంతం అర్థమైంది, ఇరవై ఎనిమిదేండ్లు ఊరికే పోతాయా. "యంత్రంలో పన్ను విరిగింది. అది సేటు చూసుకోవాలి. కాని నేసే మనిషికి పట్టీ కనిపిస్తే సాంచా ఆపాలి. కనిపించినా ఆపకుండా నేస్తే అది అతని నిర్లక్ష్యం, అప్పుడు కోత చెల్లుతుంది. కనిపించకపోతే అతని తప్పు లేదు, పన్నెండువందలూ వాపసు. అర్జీలో, షెడ్డులో వెలుతురు చాలక కనిపించలేదు అని ఉంది. అదే రాసుకోనా?"

రాసుకో అంటే అయిపోయేది. ప్రగతి ఆ ముక్క ఎంత తెలివిగా రాసింది! పాపం, అబద్ధమనుకుని రాసింది, వకీలు దగ్గర నేర్చిన తెలివితో. వెలుతురు మాట ఎట్లా ఉన్నా, కనిపించలేదు అన్నది నిజమేనని ఆ పిల్లకేం తెలుసు.

పంకజ్ లేచాడు. "సాహెబ్, అదే బల్బు కింద ఇంక పన్నెండు మంది నేస్తున్నరు. అందరికి కనిపిస్తది. మామ ఒక్కనికే కనిపియ్యలేదంటె కండ్లు పోయినట్టే గద! గట్లయితె అది గూడ రాయండ్రి. కండ్లు కనిపియ్యని మనిషికి రేపటిసంది సాంచాలు మేమెట్ల ఇస్తం? తిరిగే పట్టాల చెయ్యి పడితె ఎవ్వలు జిమ్మేదారు?"

సాహెబు కలం ఆగింది. "చెప్పండి రాజలింగం. కనిపించిందా, లేదా?"

ఎన్నడూ లేనిది, ఆయన మాటకోసం నలుగురు ఎదురుచూస్తున్నారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, ఆ రెంటి మధ్య జానెడు గట్టు కూడా లేదు. కనిపించలేదంటే పన్నెండువందలు చేతికొస్తాయి, ఆరు సాంచాలు పోతాయి. ఆ వెనక జామపండ్ల బండి. దానికి కూడా కండ్లు కావాలి, మంచి కాయా పుచ్చు కాయా చూడాలి కదా. ఇవి ఒక లెక్క. ఇంకొకటి ఉంది, అది లెక్కకు రాదు. నేతగాడు, నా గుడ్డలో తప్పు నాకు కనిపించలేదు అని నలుగురిలో నోటితో అనడం. ఆయన తండ్రి అనలేదు, తాత అనలేదు.

"కనవడ్డది," అన్నాడు రాజలింగం.

"బాపు!" అంది ప్రగతి.

"కనవడ్డది సాహెబ్. మొదటి బెత్తెడులనే కనవడ్డది. నాకు కనవడకపోవుడేంది, ముప్పై యేండ్లసంది నేస్తున్న. సాంచా ఆపితె నా కూలి ఆగుతది, అందుకని ఆపలే. తప్పు నాదే."

సాహెబు కలం గీసిన చప్పుడు. రాసింది చదివి వినిపించి, కాగితం తిప్పి ముందుకు జరిపాడు. సంతకం పెట్టమన్నాడు.

రాజలింగం కలం అందుకున్నాడు. కాగితం తెల్లగా ఉంది, బల్ల మీద గుడ్డ తెల్లగా ఉంది. ప్రగతి కోపంతో అవతలి వైపు తిరిగి నిలబడి ఉంది, వేలు పెట్టి చూపేవాళ్లు లేరు. ఆయన వంగి, జాగ్రత్తగా, కలం ఆనించాడు. గుడ్డ మీద ఆనించాడు. కాగితానికి నాలుగు వేళ్ల దూరంలో, పట్టీలున్న గుడ్డ మీద, రా అనే అక్షరం మొదలుపెట్టాడు.

ఎవరిదో చెయ్యి ఆయన మణికట్టు పట్టుకుంది. ముదురు చెయ్యి, బొటనవేలి పక్కన పాత కాయ. నేతగాడి చెయ్యి.

"ఈడ పెట్టు బావా," అన్నాడు కోదండరామయ్య, చెయ్యిని కాగితం మీదికి జరిపి. "కలం జారింది," అన్నాడు సాహెబుతో.

పంకజ్ మోటారుసైకిలు మీద వెళ్లిపోయాడు. బయట వాన. కోదండరామయ్య తన వ్యాను తలుపు తీసి "ఎక్కుండ్రి, ఒక్క తొవ్వనే గద" అన్నాడు. రాజలింగం ముందు కూర్చున్నాడు. ప్రగతి వెనక కూర్చుంది. గెలిచిన కేసును కాలితో తన్నిన తండ్రితో ఏం మాట్లాడుతుంది?

కోన్‌గావ్ దాటాక కోదండరామయ్య అడిగాడు.

"ఎన్ని దినాలాయె బావా?"

"ఏంది?"

"కండ్లు."

వెనక సీటులో కదిలిన చప్పుడైంది.

ఇక దాచి ఏం చేస్తాడు. "రెండేండ్లు," అన్నాడు రాజలింగం.

"నేను నేసిన మనిషినే. మొదటి బెత్తెడుల పట్టీ కనవడ్డోడు నూటిరవై మీటర్లు నేస్తడా? కూలి కోసమని గూడ నెయ్యడు. నువ్వు అసలే నెయ్యవు. అక్కడనే అర్థమైంది నాకు. సంతకంతోని రూఢి అయింది."

"మరి అప్పుడే అనకపోయినవు."

"అంటె పన్నెండువందలు వాపస్ ఇయ్యాలె గద," అని నవ్వాడు కోదండరామయ్య. సిగ్గుపడని నవ్వు. సేటు అన్నాక ఆ మాత్రం ఉండదా.

"బాపు," అంది ప్రగతి వెనక నుంచి. "నాకెందుకు చెప్పలే? కనిపియ్యలేదని అర్జీల నేనే రాస్తి. నేను రాసింది నిజమేనా?"

"చెప్తె నువ్వు ఆపరేషన్ అంటవు బిడ్డా. ఇరవై రోజులు ఖాడ. సాంచాలు ఉంటయా?"

రోడ్డు గుంతల్లో వ్యాను ఊగింది. కోదండరామయ్య ఆలోచిస్తే ఎప్పుడూ ఒక లెక్క బయటికొస్తుంది. వచ్చింది.

"ఇగో బావా. కల్యాణ్‌ల నాకు ఎరుకున్న కండ్ల డాక్టర్ ఉన్నడు. రెండు కండ్లకు కలిపి పన్నెండువేలు. ఇరవై రోజులు ఇల్లు నడిచేందుకు మూడువేలు. పదిహేనువేలు నేనిస్త. రేపే ఇస్త."

"సాంచాలు?"

"సాంచాలు నీయే. బదిలీ వానికి ఎట్లిస్త? నువ్వు సాంచాల మీద నిలవడ్తెనే గద నా పైసలు నాకు మర్లవడేది! అడ్వాన్సు కింద రాసుకుంట. పగారు పగారుకు మూడువందలు కోసుకుంట. తీరేదాక నిన్ను ఆడికెళ్లి ఎవ్వడు కదిలియ్యడు, నా కొడుకు గూడ."

ఇరవై ఎనిమిదేండ్ల చేతి పనితనం ఆ సాంచాలను నిలబెట్టలేకపోయింది. చుట్టరికం నిలబెట్టలేకపోయింది. చట్టం సంగతి సరే సరి, అది రెండువందల ముప్పై ఇప్పించి అలిసిపోయింది. పదిహేనువేల అప్పు నిలబెడుతుందట. మూడువందల చొప్పున యాభై పగార్లు, అంటే రెండేండ్లకు పైమాట. ఆ రెండేండ్లు ఆయన సాంచాలు భద్రం. రాజలింగానికి కోపం రావలసింది. రాలేదు, దానికి కూడా ఓపిక కావాలి. గుండె మీది నుంచి బరువు దిగినట్టే ఉంది, అందుకు తన మీద తనకే రోతగా కూడా ఉంది.

ఆయన వెనక్కి తిరిగాడు. సీటులో కూతురు ఉన్నచోట ఒక మసక ఆకారం.

"బిడ్డా, గీ కోత చట్టంల ఉన్నదా?"

ప్రగతికి తెలుసు. వందసార్లు టైపు కొట్టిన సంగతి. లేదు అనాలని ఉంది. నోటి దాకా వచ్చింది. ఇందాక తండ్రి ఒక అబద్ధం ఆడి ఇల్లు నిలబెట్టుకున్నాడు, తను ఇంకొకటి ఆడితే ఏం పోతుంది? కాని ఆ అబద్ధంతో ఆయన కండ్లు పోతాయి.

"ఉన్నది బాపు," అంది.

"అయితె కోసుకో బావా," అన్నాడు రాజలింగం.